ఏడును ఒకటి చేశాను

బొగ్గు గనిలో ప్రమాదాన్ని లెక్కగట్టే ఫారంలో మూడు గడులుంటాయి. జరగరానిది జరిగితే నష్టం ఎంత, ఆ ముప్పు ఎదుట మనుషులు ఎంతసేపు ఉంటారు, అది జరిగే అవకాశం ఎంత. ఒక్కోదానికి ఒక అంకె వేసి మూడింటినీ గుణిస్తే వచ్చేదే రిస్క్ రేటింగ్. గనుల భద్రత చూసే ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ 2002లో ఇచ్చిన సర్క్యులర్‌లో ఈ పద్ధతి ఉంది. ఒక మనిషి ప్రాణం పోయేంత నష్టానికి 1, చాలామంది పోయేంతదైతే 5. ముప్పు ఎదుట ఎప్పుడూ ఉంటే 10, రోజూ ఉంటే 5, వారానికోసారైతే 3. ఇక అవకాశం గడిలో, జరుగుతుందనే అనుకోవాల్సి వస్తే 10, జరగడానికి బాగానే వీలుంటే 7, అరుదే గానీ జరగొచ్చు అనిపిస్తే 3, ఊహకు అందుతుంది గానీ జరగకపోవచ్చు అనిపిస్తే 1.

మా డిస్ట్రిక్ట్‌లో, అంటే గనిలో మాకు అప్పగించిన భాగంలో, ఒక జంక్షన్‌కు ఆ మూడో గడిలో నేను మొదట 7 వేశాను. కాసేపటికి దాన్ని కొట్టేసి 1 వేశాను. నష్టం 1, రోజూ ఉండేది 5, అవకాశం 7 అయితే 35 వస్తుంది. అదే చివరి అంకె 1 అయితే 5 వస్తుంది. ముప్పై ఐదు కాస్తా ఐదైంది. జంక్షన్ పైనున్న రాయిలో మాత్రం ఏ మార్పూ లేదు.

ఆ అంకె ఎందుకు మార్చానో, మార్చేటప్పుడు నా బుద్ధి ఏ దారిన నడిచిందో ఇంతవరకు పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. విచారణలో అడిగినదానికి జవాబు చెప్పానంతే. అడగనిది చాలా మిగిలింది. ఇప్పుడు కొత్తగా వచ్చే ఓవర్‌మన్లకు, సర్దార్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు నన్ను కూడా పిలుస్తున్నారు. వాళ్లు ఫారం నింపుతుంటే వాళ్ల పెన్ను ఆగే చోటు నాకు తెలుస్తుంది. నా పెన్ను కూడా అక్కడే ఆగింది.

గని పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నేను ఓవర్‌మన్‌ని. పైన మేనేజర్, అండర్ మేనేజర్ ఉంటారు. కింద సర్దార్, షాట్‌ఫైరర్, సపోర్ట్‌మన్లు, డ్రిల్లర్లు, యంత్రం నడిపేవాళ్లు ఉంటారు. షిఫ్టు నడిచినంతసేపు డిస్ట్రిక్ట్ మా చేతిలో ఉంటుంది. కప్పు, పక్కలు, గాలి, గ్యాస్ చూడాలి. ముప్పు కనిపిస్తే మనుషుల్ని అక్కడి నుంచి తీసేసి, ఆ దారికి కంచె కట్టాలి. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, చట్టమే ఆ అధికారం మాకిచ్చింది. అదే షిఫ్టులో ఎన్ని టన్నులు వచ్చాయని అడిగితే జవాబు చెప్పాల్సింది కూడా మేమే. పని ఆపాల్సినవాడూ పని సాగించాల్సినవాడూ ఒక్కడే అయినప్పుడు, ఆ ఒక్కడికి ఇచ్చే శిక్షణ ఎంత లోతుగా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. నాకు ఇచ్చిన శిక్షణ లోతుగానే ఉంది. నేనే దాన్ని పైపైన తీసుకున్నాను.

ఆ తరగతుల్లో నేను మంచి విద్యార్థిని. 1966 నాటి వృత్తి శిక్షణ నియమాల నుంచి 2017 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ దాకా అడిగిందల్లా చెప్పేవాణ్ని. ఈ 2017 నిబంధనలే ప్రతి బొగ్గు గనికీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలన్నాయి. గనిలో ఉన్న ముప్పులన్నీ గుర్తించి, తూకం వేసి, ఏ ముప్పుకు ఏ అడ్డు పెట్టారో రాసుకోవాలి. ముప్పును పూర్తిగా తొలగించడం అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే కట్టడాలతో, యంత్రాలతో అడ్డుకోవాలి. అదీ చాలకపోతే హెచ్చరిక బోర్డులు, నియమాలు. హెల్మెట్, బూట్లు అన్నిటికన్నా చివర. ఈ వరుస నాకు కంఠతా వచ్చు.

శిక్షణ ఇచ్చిన పెద్దాయన పాత ప్రమాదాల్ని ఒక్కొక్కటే తీసుకుని చెప్పేవారు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలా గనిలోకి పాత పనుల్లో నిలిచిన నీళ్లు అడ్డుగోడ తెంచుకుని వచ్చాయి. 370 మందికి పైగా పోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖనిలో, 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. ఆ తేదీలు రాసుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి.

ఆయన అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పింది ఆస్ట్రేలియాలోని మౌరా గురించి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మౌరా 2వ నంబరు గని. 1994 ఆగస్టు 7, ఆదివారం రాత్రి. ఒక ప్యానెల్‌లో బొగ్గు తనంతట తానే వేడెక్కుతోంది. అక్కడ పనిచేసిన కొందరికి అంతకుముందే తేడా వాసన తగిలింది, చెప్పారు కూడా. ఆ మాటల్లో కొన్ని ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు చేరేలోపు తేలిపోయాయి. కొన్ని చేరాయి గానీ ఎవరూ వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూడలేదు. ప్యానెల్‌ను మూసేశారు. లోపల గాలి పేలే స్థితికి వస్తోందన్న అనుమానానికి తావుండగానే మనుషులు మామూలుగా దిగారు. రాత్రి పేలింది. దిగిన 21 మందిలో 10 మంది బయటపడ్డారు, 11 మంది లోపలే ఉండిపోయారు. ఆ తర్వాత జరిగిన విచారణ ఆ రాష్ట్రపు బొగ్గు గనుల చట్టాన్నే మార్చింది. 1999లో వచ్చిన కొత్త చట్టం రిస్క్ మేనేజ్‌మెంట్‌ను గని నడిపేవారి బాధ్యతగా పెట్టింది.

పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. ముప్పు సంగతి ఆ గనిలో ఎవరికి తెలుసు? తరగతిలో నేనే చెయ్యెత్తాను. ఎవరికీ మొత్తంగా తెలియదు, కొంచెం కొంచెం చాలామందికి తెలుసు అన్నాను. సరైన జవాబు అన్నారు. అప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ జవాబును ఆస్ట్రేలియాకు సంబంధించిన జవాబుగా నేర్చుకున్నాను. మా డిస్ట్రిక్ట్‌లో ఎవరికేం తెలుసో కనుక్కోవడానికి దాన్ని వాడాలన్న ఆలోచనే రాలేదు.

నా దృష్టిలో ఆ శిక్షణంతా కాగితానికి సంబంధించింది. తనిఖీకి వచ్చినవాళ్లకు ఫైలు చూపించాలి, అందులో ఖాళీలు ఉండకూడదు, సంతకాలుండాలి. ఫారం నీటుగా నింపడంలో నాకు పేరు కూడా వచ్చింది. పక్క డిస్ట్రిక్ట్‌ల వాళ్లు నా ఫారాలు చూసి రాసుకునేవారు. ఆ పేరు నాకు నచ్చింది. నా తెలివితక్కువతనం అంకె మార్చిన రోజున మొదలు కాలేదు, ఆ పేరు నచ్చినప్పుడే మొదలైంది.

ఇక ఆ జంక్షన్ సంగతి.

అది డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్. బొగ్గు పొరలో గ్యాలరీలు తోలుకుంటూ పోతాం, మధ్యలో బొగ్గు స్తంభాల్ని వదులుతాం. గ్యాలరీ వెడల్పు మాకు 4.2 మీటర్లు. మామూలు గ్యాలరీలో కప్పు ఆ 4.2 మీటర్లనే దాటాలి. గ్యాలరీలు ఒకదాన్నొకటి కోసే జంక్షన్‌లో మాత్రం మూల నుంచి మూలకు కొలిస్తే దాదాపు 6 మీటర్లు ఉంటుంది. అంత మేర కింద ఏ ఆధారమూ లేకుండా రాయి నిలబడాలి. భూగర్భ గనుల్లో జంక్షన్‌ను అందరూ భయంతో చూసేది అందుకే. మన దేశంలో భూగర్భ బొగ్గు గనుల్లో ప్రాణాలు తీసిన కారణాల్లో కప్పు కూలడం, పక్కలు విరిగిపడడం ఎంతోకాలంగా ముందు వరుసలో ఉన్నాయి.

కప్పు ఎంత గట్టిదో చెప్పడానికి ఆర్‌ఎంఆర్ అని ఒక లెక్క ఉంది. వందకు వేస్తారు. పొరల మందానికి 30, రాతిలోని పగుళ్లు, స్లిప్పుల వంటి లోపాలకు 25, నీళ్లు తగిలితే రాయి ఎంత చివుకుతుందో దానికి 20, రాతి బలానికి 15, ఊరే నీటికి 10. మా డిస్ట్రిక్ట్ ఆర్‌ఎంఆర్ ఫర్వాలేదనిపించే అంకె. దాన్ని బట్టే 1.8 మీటర్ల రూఫ్ బోల్టులు, ఇంత దూరానికి ఒకటని సపోర్ట్ ప్లాన్ ఖరారైంది. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ అంకె డిస్ట్రిక్ట్ మొత్తానికి తీసిన సగటు. సగటున బాగున్న కప్పులో ఒకచోట స్లిప్పు పడి ఉండొచ్చు. స్లిప్పంటే రాతిలో ఏటవాలుగా దిగిన నున్నటి తలం. దానికి అటూ ఇటూ ఉన్న రాయి ఒకదాన్నొకటి పట్టుకోదు. సన్నటి బంకమన్ను పొర కూడా ఉంటే మరీ ప్రమాదం. ఆ ఏటవాలు తలమూ పైనున్న పొర అతుకూ కలిసిన చోట ఒక ముక్క మూడు వైపులా తెగి, బోల్టుల మధ్య వేలాడుతుంటుంది. చూడ్డానికి కప్పు చదునుగానే ఉంటుంది.

కొత్త జంక్షన్ తెరిచాక లెక్క వేయడానికి ఫారం పట్టుకుని వెళ్లాను. బ్యాటరీ లైటు వెలుగులో కప్పు మీద ఏటవాలుగా ఒక గీత కనిపించింది. స్లిప్పే అనుకున్నాను. 7 వేశాను. అప్పుడు నా కళ్లు సరిగానే చూశాయి, చెయ్యి సరిగానే రాసింది.

ఆ తర్వాత గుణించి చూస్తే 35. ఆ ఫారం పైకి వెళ్తే జంక్షన్‌లో పని ఆగుతుంది. అదనపు సపోర్టు వేసేదాకా, అండర్ మేనేజర్ వచ్చి చూసేదాకా బొగ్గు రాదు. నెలాఖరు. మా డిస్ట్రిక్ట్ అప్పటికే వెనకబడి ఉంది. ఎవరూ నన్ను అంకె మార్చమనలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు, బెదిరించలేదు. ఆ ఒత్తిడి అంతా నాలోనే ఉంది. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథలు విన్నవాళ్లు వెంటనే పైవాళ్ల వైపు వేలు చూపిస్తారు. పైవాళ్ల ఒత్తిడి నిజంగా ఉండే చోట్లు ఉన్నాయి. నా విషయంలో మాత్రం నేనే రాశాను, నేనే కొట్టేశాను.

కొట్టేసేటప్పుడు అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. అది నాకు ఇప్పటికీ భయం కలిగించే విషయం. నా బుద్ధి నాకు ఒక కారణం అందించింది. ఇలాంటి గీతలు ఎన్నో చూశాను, వాటి కింద తిరిగాను, ఒక్కటీ పడలేదు. కాబట్టి పడే అవకాశం 7 కాదు, 1. అనుభవం మీద ఆధారపడి అంకె దిద్దుతున్నానని నిజంగా నమ్మాను.

ఆ అనుభవం ఎలాంటిదో ఆలోచించి ఉంటే బాగుండేది. నేను చూసిన స్లిప్పుల్లో చాలావాటికి ఎవరో అంతకుముందే అదనంగా ప్రాపులు నిలబెట్టారు, గర్డర్లు వేశారు. అవి పడకపోవడం వాళ్ల పని వల్ల. ఆ పనిని లెక్కలోంచి తీసేసి, రాయే మంచిదని తీర్మానించాను. అదీకాక సూపర్‌వైజర్‌గా బతికున్నవాడి అనుభవంలో నిలబడ్డ కప్పులే ఎక్కువ ఉంటాయి. కూలిన కప్పు కింద ఉన్నవాళ్ల అనుభవం ఫారం నింపడానికి రాదు.

నేను ఫారం మడిచి జేబులో పెట్టుకుంటుంటే సపోర్ట్‌మన్ కాకా వచ్చాడు. అందరూ ఆయన్ని కాకా అనే పిలుస్తారు. రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి. చేతిలో ఇనుప రాడ్‌తో కప్పును ఒక్కోచోట తట్టుకుంటూ వస్తాడు. ఒక చేత్తో కొడుతూ రెండో చేతి వేళ్లను రాతికి ఆనిస్తాడు. గట్టి కప్పు కంచులా మోగుతుంది. పొర విడిపోయి ఉంటే చప్పుడు డొల్లగా వస్తుంది, ఆనించిన వేళ్లకు అదురు తెలుస్తుంది. గీత దగ్గర ఆయన ఆగి రెండుమూడుసార్లు కొట్టాడు.

"సారూ, ఈడ మంచిగ లేదు. బోలుగ పలుకుతుంది. రెండు ప్రాపులు కొట్టి, గర్డరు ఏసినంక పోనిద్దాం."

"బోల్టులు వేశాం కదా కాకా. ప్లాన్ ప్రకారమే ఉంది."

"ప్లాన్ మీరు చూస్తరు. నేను రాయి చూస్తున్న."

నాకు కోపం వచ్చింది. నా కింద పనిచేసేవాళ్లు వింటుండగా అలా అన్నాడన్న కోపం. పని తప్పించుకోవడానికి సాకులు చెప్పొద్దన్నాను. ఆ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే అది అబద్ధమని అన్నప్పుడే నాకు తెలుసు. మా గనిలో ఆయనంత పని చేసేవాడు మరొకడు లేడు. ఆయన ఇంకేమీ అనలేదు. పక్క గ్యాలరీలో సపోర్టు పని ఉంటే అటు వెళ్లిపోయాడు.

షిఫ్టు అయ్యాక పైకొచ్చి రిపోర్టు పుస్తకంలో రాశాను. పేజీకి నంబరు ఉండే బైండు పుస్తకం అది, తర్వాతి షిఫ్టువాళ్లు చదివి సంతకం పెట్టి దిగుతారు. ఆ జంక్షన్ ఎదుట "సాధారణం" అని రాశాను. స్లిప్పు మాట లేదు. కాకా మాట లేదు. మౌరాలో ముప్పు సంగతి కొంచెం కొంచెం చాలామందికి తెలుసని తరగతిలో చెయ్యెత్తి చెప్పిన మనిషినే నేను.

తర్వాతి షిఫ్టులో పడింది. పెద్ద కూలుడు కాదు. సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, అడుగు మందం ఉన్న పలక, రెండు వరుసల బోల్టుల మధ్య నుంచి జారింది. వినడానికి చిన్నదే. ఆ రాయి లెక్కన చూస్తే దాదాపు రెండు టన్నులు. దాని అంచు కింద డ్రిల్ కేబుల్ జరుపుతున్న కుర్రవాడు ఉన్నాడు. పనిలో చేరి ఎన్నాళ్లో కాలేదు. పలక మొత్తంగా మీద పడి ఉంటే ఇవాళ నేను ఇది రాయగలిగేవాణ్ని కాదేమో. అంచు మోకాలి కింద పడింది. ఎముక రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్లు జరిగాయి. ఇప్పుడు నడుస్తాడు. భూమి లోపలి పనికి పనికిరాడని తేల్చి పైన పని ఇచ్చారు.

నేను ఆసుపత్రికి వెళ్లాను. అందరూ వెళ్లారు. నాకు ఏడుపొచ్చింది. అందరూ నన్ను మంచి మనిషి అన్నారు.

అదే రోజు సాయంత్రం నా వాంగ్మూలం రాశాను. సపోర్టు సరిగా లేని చోట్లకు వెళ్లొద్దని కార్మికులను ముందే హెచ్చరించామని, ఆ కుర్రవాడు జాగ్రత్త వహించలేదని రాశాను. మొదటి సగం నిజమే. కొన్ని నెలల కిందట ఒక సేఫ్టీ మీటింగులో అందరికీ కలిపి అలా చెప్పాం. ఆ నిజాన్ని తీసుకొచ్చి ఈ జంక్షన్ పక్కన పెట్టాను. ఎక్కడికి వెళ్లొద్దో ఆ కుర్రవాడికి ఎలా తెలుస్తుంది? రిపోర్టు పుస్తకంలో "సాధారణం" అని రాసింది నేను.

ఆ వాక్యం ఎంత దూరం వెళ్లగలదో అప్పుడు నాకు తెలియదని చెప్పుకోలేను. శిక్షణలోనే విన్నాను. 1923 నాటి పరిహార చట్టంలో ఒక మినహాయింపు ఉండేది. మరణమో, పూర్తి శాశ్వత వైకల్యమో కాని గాయమైతే, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కార్మికుడు కావాలని ధిక్కరించడం వల్లే అది జరిగిందని తేలితే, యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదు. ఆ కుర్రవాడి గాయం సరిగ్గా ఆ కోవలోకి వచ్చేది. నేను రాసిన మాటకు ఇంకాస్త బలం దొరికి ఉంటే అతని కాలితోపాటు అతనికి రావాల్సిన డబ్బు కూడా పోయేది.

అలా జరగలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. గని నియమాల ప్రకారం కార్మికుల తరఫున గని తిరిగి చూసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. షిఫ్టు దిగగానే కాకా ఆయన దగ్గరికి వెళ్లి, ఫలానా జంక్షన్‌లో స్లిప్పు ఉంది, ఓవర్‌మన్ సారుకు చెప్పిన అని చెప్పాడట. ఆయన పుస్తకంలో రాసుకున్నాడు, పొద్దున్నే వచ్చి చూద్దామనుకున్నాడు. పొద్దున దాకా రాయి ఆగలేదు. విచారణలో ఆ పుస్తకం బయటికొచ్చింది. నా వాక్యం నిలవలేదు. నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు, అది దానంతటదే కూలింది. నాకు పడిన శిక్ష సంగతి ఇక్కడ చెప్పాల్సినంత పెద్దది కాదు.

కొన్నాళ్లకు రిఫ్రెషర్ శిక్షణకు పంపారు. అవే పాఠాలు. అదే గుణకారం. అయితే ఈసారి ఫారం నింపుతుంటే రెండో గడి దగ్గర ఆగిపోయాను, అప్పటివరకు ఎన్నడూ ఆగని గడి అది. ముప్పు ఎదుట ఎంతసేపు? ఆ జంక్షన్‌కు నేను 5 వేశాను, రోజూ ఉండేది అని. ఎవరు రోజూ ఉండేది? నేను. షిఫ్టులో రెండుమూడుసార్లు ఆ జంక్షన్ కింద నుంచి నడిచి వెళ్లేది నేను. డ్రిల్లరు, కేబుల్ పట్టేవాడు, సపోర్ట్‌మన్ షిఫ్టంతా అక్కడే ఉంటారు, వాళ్ల తర్వాత వచ్చే షిఫ్టువాళ్లూ అక్కడే ఉంటారు. ఆ గడిలో పడాల్సింది 10. అవకాశం గడిలో కాకా వేలు చెప్పింది 7. నష్టం ఒక్క మనిషిదే అనుకున్నా 70. నేను పైకి పంపింది 5.

ఏడును ఒకటి చేయడం తెలిసి చేసిన పని. ఆ తప్పును విచారణ పట్టుకోగలిగింది. పదిని ఐదు చేశానని మాత్రం నాకే తెలియదు, విచారణకూ తెలియలేదు. ఆ ఫారంలో నేను లెక్కగట్టింది నా ప్రాణానికి ఉన్న ముప్పును. వాళ్లది కాదు. నాకు తెలిసిన సూపర్‌వైజర్లలో మంచివాళ్లు, నిజాయితీగా ఉండేవాళ్లు కూడా ఈ గడిలో తమ నడకనే కొలుస్తారు. తరగతిలో ఇప్పుడు నేను అందరికన్నా ముందు అడిగేది ఇదే. ఈ 5 ఎవరిది?

ఆ ఫారానికి ఇంకో నిలువు గడి కలపాలని సేఫ్టీ కమిటీలో అడుగుతున్నాను. ఈ అంకె ఎవరెవరితో మాట్లాడి వేశారు, ఎవరు ఒప్పుకోలేదు, ఏమన్నారు. ఒప్పుకోనివాడి మాట అతని మాటల్లోనే రాయాలి, పేరు రాయాలి, అతను చదవలేకపోతే చదివి వినిపించాలి. జంక్షన్లలో, స్లిప్పు ఉన్న చోట్ల, రాడ్‌తో తట్టి చూసిన మనిషి సంతకం లేకుండా అవకాశం గడి నింపకూడదు. తట్టి చూడడం ఒక్కటే చాలదు, అదీ చెబుతున్నాను. కప్పులో అమర్చే టెల్‌టేల్ అనే పరికరం, పొర ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూపిస్తుంది, చెవికి అందని కదలికను కూడా చెబుతుంది. అనుమానం ఉన్న ప్రతి జంక్షన్‌కూ అది ఉండాలి, దాన్ని షిఫ్టు షిఫ్టుకూ చదివి రాయాలి.

నేను అడిగిందానికి అభ్యంతరం చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒప్పుకోని మాట కాగితం మీదికి వస్తే, రేపు ఏదైనా జరిగితే అదే సాక్ష్యమవుతుంది, ప్రతి సూపర్‌వైజరూ చిక్కుల్లో పడతాడు, భయపడి ప్రతి చిన్నదానికీ పని ఆపేస్తాడు అంటారు. పని ఆపడం ఎక్కువవుతుందన్నది నేను కాదనను. మొదట్లో ఎక్కువవుతుంది. ఆ రోజు మా జంక్షన్‌లో ఆపి ఉంటే ఎంతసేపు పట్టేది? ఒక గర్డరు, రెండు ప్రాపులు, నలుగురు మనుషులు, షిఫ్టులో సగం కూడా కాదు. పలక పడ్డాక ఆ డిస్ట్రిక్ట్ ఎన్నో రోజులు ఆగింది.

సాక్ష్యమవుతుందన్న మాట మాత్రం నిజం. అవుతుంది. నా ఫారంలో కాకా మాట రాసి ఉంటే అది నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పేది, అందుకే 7ను కొట్టేయడానికి నా చెయ్యి వచ్చేది కాదు. ఆ నిలువు గడి కావాలని నేను అడుగుతున్నది అందుకే. వచ్చే సమావేశానికి పాత ఫారం నకలు తీసుకెళ్తున్నాను. కొట్టేసిన 7 దాని మీద ఇంకా కనిపిస్తుంది. వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంటానన్నాడు.